అడ్డగీత

పేరు కొట్టేశారు. ఆ మాట నిజం.
రెండు చోట్ల, నల్ల సిరాతో,
వెలుగుకి పట్టి చూసినా అక్షరం ఆనవాలు దొరకనంత దట్టంగా.
హోదా కొట్టేశారు. గది నంబరు కొట్టేశారు.
చట్టం చెయ్యమన్నదంతా చేశారు.
అంకెలు ఎవరి పేరూ కావు గనక
వాటినలా వదిలేశారు.

టెమా రేవు పక్కన ప్రభుత్వ మందుల పరీక్షాశాల మాది.
మూడో బల్ల నాది, నాలుగోది సిత్సోఫేది.
మధ్యన ఒకటే ఫ్యాను. ఎటు తిప్పి పెట్టినా
చివరికి ఆమె వైపే మెడ వాల్చేది.
దాని మీద పదకొండేళ్లు పోట్లాడుకున్నాం.

పిల్లల మలేరియా సిరప్.
ఆకుపచ్చ మూత, సీసా మీద నవ్వే పాప.
చెంచాకి నలభై మిల్లీగ్రాములు ఉండాల్సిన చోట ఏడు.
మళ్లీ చూసింది. ఏడు.
కొత్త పెట్టె కోసి, వేరే సీసా, వేరే యంత్రం.
ఏడు.
పైనుంచి దిగిన సర్టిఫికెట్‌లో నలభై అని ముందే టైపు చేసి
సంతకానికి రెండు గళ్లు ఖాళీగా ఉంచారు.
మొదటిది ఆమె నింపలేదు.
రెండోది నాది. నింపాను.
ఎప్పుడూ నింపేదే.

ఆఫీసు ప్రింటరుకి జ్ఞాపకశక్తి ఎక్కువని భయపడి
పట్టికంతా చేత్తో రాసి పంపింది.
కమిషన్ వాళ్లు శ్రద్ధగా మసి పూసి
"వివరణ నిమిత్తం" మా డైరెక్టర్‌కే పంపారు.

ఒడార్టే ఎవరి మీదా అరవలేదు.
అందరికీ టీ పోయించాడు, రేకు డబ్బాలో బిస్కెట్లు.
కాగితం బల్ల మీద పరిచి
"ఎవరో పాపం, మంచి మనసున్నవాళ్లే" అన్నాడు.
నేను కళ్లజోడు పెట్టుకున్నాను.

సిత్సోఫే బడి చదువు సరిహద్దు అవతల, లోమేలో.
అక్కడి పంతులమ్మ నేర్పిన ఏడు ఆమెది.
నిలువుగీత నడుముకి బిగించిన చిన్న అడ్డగీత.
"ఒకటి అనుకుని ఎవరైనా పొరబడతారేమో" అనేది.
మేం నవ్వేవాళ్లం.
మా అంతస్తు మొత్తం మీద నడుం కట్టుకున్న ఏడు
ఇంకెవరూ రాయరు.

చెప్పాలని చెప్పలేదు. ఒట్టు.
తెలిసిన చేతిరాత అనుకోని చోట ఎదురైతే
దారిలో చుట్టం కనిపించినట్టు
నోరు దానంతటదే తెరుచుకుంది.
"అరె, ఇది సిత్సోఫే ఏడు కదా!"

చెంచాల చప్పుడు ఆగింది.
ఆమె నా వైపు చూడలేదు. బిస్కెట్ టీలో ముంచి
అది మెత్తబడి, విరిగి, మునిగిపోయేదాకా
అలాగే పట్టుకుంది.

ఆ తర్వాత జరిగినదాన్ని దేన్నీ శిక్ష అనలేం.
ఉత్తరాన ఇసుకగాలి ఊళ్లో
గడువు తీరిన మందుల గిడ్డంగికి బదిలీ.
పాలనా సౌలభ్యమట.
జీతంలో పైసా తగ్గించలేదు, సంరక్షణ ఉందని లేఖ కూడా ఇచ్చారు.
ఆ చివరి రెండు వారాలూ భోజనాల దగ్గర
మా పళ్లేలు ఆమెకి దూరం జరిగాయే,
దానికి ఏ చట్టంలోనూ సెక్షన్ లేదు.

సామాను కడుతుంటే అడిగాను,
ఇన్నేళ్లకి మొదటిసారి, నీ పేరుకి అర్థమేమిటని.
"తలదాచుకునే చోటు" అంది, టేపు పంటితో తెంపుతూ.
"నేను పుట్టినప్పుడు మా అమ్మకి అలా అనిపించిందట."
వెళ్తూ వెళ్తూ ఫ్యాను నా వైపు తిప్పింది.

సిరప్‌ని ఎనిమిది నెలలకి వెనక్కి పిలిచారు.
ఖాళీ సీసాలు పిలిస్తే వస్తాయా.

ఏడు.
ఆ అంకె పైకి చదివితే
ఎవరో నాకు ఆజ్ఞాపిస్తున్నట్టుంటుంది.
కళ్లు పొడిగానే ఉన్నాయి, చెయ్యి మాత్రం అడ్డగీత నేర్చుకుంటోంది.
యాభై రెండేళ్ల చెయ్యి, ఊరికే వంకరపోతోంది.
నిన్న స్టోర్స్ పుస్తకం తిరగేస్తే
కొత్తగా చేరిన అమ్మాయి రాతలో రెండు కనిపించాయి,
నడుం కట్టుకుని.
నేనేమీ అడగలేదు.

ఇవాళ బల్ల మీద దగ్గుమందు పెట్టె.
కాగితంలో రెండో గడి ఖాళీ.
ఒడార్టే టీకి పిలుస్తున్నాడు.